చిన్న పెట్టెలో గేమింగ్ పీసీ: మిల్లీమీటర్లు, వాట్లు, వేడి ఒకదానితో ఒకటి ఎలా ముడిపడతాయి?

2025 నవంబరులో వాల్వ్ సంస్థ స్టీమ్ మెషీన్‌ను ప్రకటించింది. ఒక్కో వైపు సుమారు 16 సెంటీమీటర్లుండే నల్లటి పెట్టె అది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్, పవర్ సప్లై అన్నీ అందులోనే. దాన్ని చూసిన చాలామందికి వచ్చిన ఆలోచన ఒకటే: ఇలాంటిది మనమే కట్టుకుంటే పోలా?

కట్టుకోవచ్చు. కాకపోతే అంత చిన్నగా రాదు. ఆ పెట్టెలో బోర్డు, హీట్‌సింక్, ఫ్యాను ఒకదాని కోసం ఒకటి గీసుకున్నవి. మనం కొనే పార్టులు మాత్రం వేర్వేరు కంపెనీలు, ఎవరి ప్రమాణం ప్రకారం వాళ్లు చేసినవి. పెద్ద టవర్‌లో ఈ తేడాలను ఖాళీ జాగా మింగేస్తుంది. చిన్న కేసులో ఆ జాగా ఉండదు కాబట్టి ఏ పార్టునూ విడిగా ఎంచుకోలేం. కార్డు మందం ప్రాసెసర్ కూలర్‌ను నిర్ణయిస్తుంది, కూలర్ ఎత్తు ప్రాసెసర్‌ను నిర్ణయిస్తుంది, పవర్ సప్లై లోతు కేబుళ్ల దారిని నిర్ణయిస్తుంది. రేపు ఏదైనా మొరాయిస్తే కారణం కూడా ఎక్కువసార్లు ఈ గొలుసులోనే దొరుకుతుంది.

అర్థం కావడానికి ఒకే ఊహాత్మక బిల్డ్‌ను చివరిదాకా పట్టుకుందాం: ఏఎండీ రైజెన్ 7 7700 ప్రాసెసర్, ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 5070 గ్రాఫిక్స్ కార్డు, 10 లీటర్ల కేసు.

లీటర్లలో కొలత ఎందుకు?

చిన్న పీసీల లోకంలో కేసు సైజు లీటర్లలో చెబుతారు. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే సరి. 45 × 22 × 45 సెం.మీ. ఉన్న మామూలు టవర్ సుమారు 44.5 లీటర్లు. 37 × 20 × 14 సెం.మీ. పెట్టె 10.4 లీటర్లకు కాస్త తక్కువ. 20 లీటర్ల లోపుంటే చిన్న పీసీ అనడం వాడుక. ఎవరూ శాసనం చేసిన హద్దేం కాదు.

ఆ 20 లోపల కూడా అంతా ఒకటి కాదు. కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200 లాంటి 18 లీటర్ల కేసులో ఎత్తైన కూలర్ గానీ నీటి కూలర్ తాలూకు 240 మి.మీ. రేడియేటర్ గానీ పడుతుంది, చేయి దూర్చి స్క్రూ తిప్పే వీలూ ఉంటుంది. ఫ్రాక్టల్ టెర్రా లాంటి 10.4 లీటర్ల కేసుకు వచ్చేసరికి ప్రతి పార్టు పక్క పార్టుతో బేరమాడాల్సిందే. మొదటిసారి కట్టేవాళ్లకు 15 నుంచి 20 లీటర్ల మధ్య ఉండే కేసు ఎంతో సుఖం. కానీ ఫొటోల్లో ముచ్చటేసేవి పది లీటర్లవే, అందరి కళ్లూ వాటి మీదే.

మూడు ప్రమాణాలు తెలిస్తే చాలు

మొదటిది మదర్‌బోర్డు. మామూలు ఏటీఎక్స్ బోర్డు 305 × 244 మి.మీ., మైక్రో ఏటీఎక్స్ 244 × 244, వయా సంస్థ 2001లో తెచ్చిన మినీ ఐటీఎక్స్ 170 × 170. బోర్డు చిన్నదైనంత మాత్రాన ప్రాసెసర్ వేగం తగ్గదు. పోయేవి వేరు: ర్యామ్ స్లాట్లు రెండే, కార్డు పెట్టుకునే స్లాటు ఒక్కటే, ఫ్యాన్లు తగిలించే పిన్నులు (హెడర్లు) తక్కువ, పైగా ధర ఎక్కువ. రెండే స్లాట్లని బాధపడనక్కర్లేదు. డీడీఆర్5 ర్యామ్ నాలుగు స్టిక్కుల కంటే రెండింటితోనే ఎక్కువ వేగంలో నిలకడగా పనిచేస్తుంది. కాకపోతే తర్వాత ఇంకో రెండు కలుపుకుందాం అనే వీలు లేదు గనుక ఎంత కావాలో మొదటే తేల్చుకోవాలి. మైక్రో ఏటీఎక్స్ వాడినా కొన్ని 20 లీటర్ల కేసుల్లో సరిపోతుందని, డబ్బు ఆదా అవుతుందని వాదించేవాళ్లున్నారు. వాళ్లు చెప్పేదాంట్లో తప్పేం లేదు.

రెండోది పవర్ సప్లై. ఏటీఎక్స్ రకం 150 × 86 మి.మీ. ముఖంతో, 140 లేదా అంతకు మించిన లోతుతో ఉంటుంది. ఎస్‌ఎఫ్‌ఎక్స్ రకం 125 × 63.5 × 100 మి.మీ. ఎస్‌ఎఫ్‌ఎక్స్-ఎల్ కూడా అదే ముఖం, లోతు మాత్రం 130. పెద్ద ఫ్యాను పడుతుంది కాబట్టి శబ్దం తక్కువ అని చాలామంది ‘ఎల్’ తీసుకుంటారు. ఆ 30 మి.మీ. కేబుళ్లు మలుపు తిరగాల్సిన చోటును తినేస్తుందని బిగించేటప్పుడు గానీ తెలీదు.

మూడోది కార్డు మందం. ఒక స్లాటు అంటే 20.32 మి.మీ. రెండు స్లాట్ల కార్డు సుమారు 40, మూడు స్లాట్లది 61 మి.మీ. మందం. కొనేటప్పుడు అందరూ పొడవు చూస్తారు. చిన్న కేసులో అసలు గొడవ మందంతో.

పక్కపక్కన పెట్టాలా, వీపులానించి పెట్టాలా?

కేసు లోపలి అమరికలు ప్రధానంగా రెండు. పాత పద్ధతిలో కార్డు నేరుగా మదర్‌బోర్డు స్లాటులో కూర్చుంటుంది. శాండ్‌విచ్ పద్ధతిలో బోర్డు ఒక పక్క, కార్డు ఇంకో పక్క, మధ్యలో లోహపు గోడ. రెండింటినీ రైజర్ అనే పట్టీ కేబుల్ కలుపుతుంది.

శాండ్‌విచ్ వైపు మాట్లాడేవాళ్ల వాదన బలమైనదే. కార్డు తన పక్క ప్యానెల్ నుంచి, ప్రాసెసర్ కూలర్ తన పక్క ప్యానెల్ నుంచి చల్లగాలి లాక్కుంటాయి. ఒకదాని వేడి ఇంకోదానికి అంతగా తగలదు. పాత పద్ధతిని ఇష్టపడేవాళ్లది వేరే వాదన: రైజర్ అనేది అదనంగా చేరిన ఒక పార్టు, చెడిపోవడానికి ఇంకో అవకాశం. పైగా పాత అమరికలో ఎత్తైన కూలర్లకు చోటుంటుంది. చిన్న సైజే ముఖ్యమైతే శాండ్‌విచ్, పేచీలు తక్కువ ఉండాలంటే పాత పద్ధతి. నా మొగ్గు రెండోవైపే. మన ఉదాహరణలోని 10 లీటర్ల కేసు మాత్రం శాండ్‌విచ్ రకం, ఎందుకంటే అంత చిన్నదాంట్లో దాదాపు వేరే దారి లేదు.

ఇప్పుడు అంకెలు చూద్దాం. మధ్యగోడను జరుపుకునే కేసులో కార్డు వైపు, కూలర్ వైపు కలిపి 120 మి.మీ. ఉందనుకోండి. ఆర్‌టీఎక్స్ 5070లో రెండు స్లాట్ల కార్డు తీసుకుంటే, మూడు మి.మీ. సందుతో కలిపి దానికి 43 వదలాలి. కూలర్ వైపు 77 మిగిలింది. 70 మి.మీ. ఎత్తున్న నాక్టువా ఎన్‌హెచ్-ఎల్12ఎస్ పట్టి, ఇంకా ఏడు మి.మీ. సందు ఉంటుంది. అదే చిప్‌తో 50 మి.మీ. మందం కార్డు తీసుకుంటే దాని వైపు 53 పోయి 67 మిగులుతుంది. ఆ కూలర్ ఇక పట్టదు. మూడు స్లాట్ల కార్డు తెస్తే 57 మి.మీ. కూడా మిగలదు. అప్పుడు థర్మల్‌రైట్ ఏఎక్స్‌పీ90-ఎక్స్47 లాంటి 47 మి.మీ. రకమే గతి. చిప్ మారలేదు, ఆటల్లో వేగమూ దాదాపు మారలేదు. కార్డు పది, ఇరవై మి.మీ. లావైనందుకు ప్రాసెసర్ ఒక మెట్టు చిన్న కూలర్‌తో సర్దుకోవాల్సి వచ్చింది. రైజెన్ 7 7700 పెట్టెలో ఉచితంగా వచ్చే కూలర్ సంగతంటారా, దాని ఎత్తు 90 మి.మీ. దాటుతుంది. ఈ లెక్కలో ఎక్కడా ఇమడదు.

ర్యామ్ ఎత్తు కూడా చూసుకోవాలి. ఉత్త డీడీఆర్5 స్టిక్కు 31 మి.మీ. చిల్లర ఉంటుంది. మెరుపు లైట్లు, రెక్కలు తగిలిస్తే 40 దాటి, పక్కకు చాచుకున్న కూలర్ అంచుకు తగులుతుంది.

కార్డు పట్టింది, కేబుల్ పట్టలేదు

స్పెసిఫికేషన్లో రాసే కార్డు కొలతల్లో పవర్ కేబుల్ వంపు ఉండదు. కేబుల్ మాత్రం కార్డు అంచు నుంచి పైకి లేచి, వంగి, పక్కకు వెళ్లాలి. ప్యానెల్ మూసేటప్పుడు చివరి రెండు మి.మీ. దగ్గర బలవంతంగా నొక్కుతున్నామంటే నొక్కుతున్నది ఆ కేబుల్‌నే.

దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్ అనే పవర్ కనెక్టర్లు కరిగిపోయిన సంఘటనలు పెద్ద చర్చే రేపాయి. 600 వాట్ల దాకా మోయగల ఆ కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగకపోతే కొన్ని పిన్నుల మీదే కరెంటు భారం పడి వేడెక్కుతుంది. 2023లో సవరించిన 12వీ-2×6 రకంలో, సరిగ్గా దిగకపోతే కార్డు పవర్ తీసుకోకుండా ఉండేలా, కనెక్టర్ దిగిందో లేదో కార్డుకు తెలిపే సెన్సు పిన్నులను పొట్టిగా చేశారు. కనెక్టర్ నుంచి 35 మి.మీ. వరకు కేబుల్‌ను వంచవద్దన్న సలహా మాత్రం ఇప్పటికీ పాటించాల్సిందే. మన 5070 లాగేది 250 వాట్లే కాబట్టి 4090 అంత ప్రమాదం లేదు, కానీ అడ్డంగా వంచి నొక్కితే ఏ కనెక్టరైనా వదులవుతుంది.

ఈ గందరగోళం చూసే 2024లో ఎన్‌విడియా చిన్న కేసులకు సరిపడే కార్డులకు ఒక గుర్తింపు పెట్టింది: పొడవు 304 మి.మీ., కేబుల్ వంపుతో కలిపి ఎత్తు 151, మందం 50 మించకూడదు. పనికొచ్చే మాటే. అయితే పైన చూశాంగా, 50 మి.మీ. కార్డు మన కేసులో పట్టినా కూలర్‌ను మార్పించింది.

వాట్ల లెక్క, దాని మీద వాదన

ప్రాసెసర్ పెట్టె మీద ‘65 వాట్లు’ అని ఉంటుంది. నిజంగా లాగగలిగేది 88. ఈ ప్రాసెసర్ కూర్చునే ఏఎం5 సాకెట్‌లో ఆ పై హద్దు, రాసిన అంకెకు 1.35 రెట్లు ఉంటుంది. కార్డుకు 250. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు కలిపి ఓ 50 వేసుకుంటే మొత్తం 388 వాట్లు. మరి ఈ కార్డుకు 650 వాట్ల పవర్ సప్లై ఎందుకు సిఫారసు చేస్తారు?

ఎందుకంటే 250 అన్నది సగటు. కార్డు సెకనులో వెయ్యో వంతుకన్నా తక్కువ కాలం పాటు అంతకు చాలా ఎక్కువ లాగుతుంది. ఆ ఎగుడుదిగుడు చూసి పవర్ సప్లై తనలోని రక్షణ ఏర్పాటుతో టక్కున ఆగిపోవచ్చు. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, కొత్త కనెక్టర్ ఉన్న పెద్ద పవర్ సప్లైలు 100 మైక్రోసెకన్ల పాటు తమ సామర్థ్యానికి రెట్టింపు తట్టుకోవాలని నిర్దేశించింది. ఈ ప్రమాణం పాటించే 650 వాట్ల ఎస్‌ఎఫ్‌ఎక్స్ మనకు చాలు. 850 తీసుకుంటే ఫ్యాను నెమ్మదిగా తిరిగి నిశ్శబ్దంగా ఉంటుందని, రేపు పెద్ద కార్డు వేసుకోవచ్చని కొందరంటారు. పెట్టె సైజు అదే గనుక ఇందులో పోయేది డబ్బే. రేపటి పెద్ద కార్డు ఈ కేసులో పట్టే అవకాశం తక్కువ కాబట్టి ఆ రెండో కారణం నాకు అంతగా ఎక్కదు.

వేడిని తోడేయడమా, పుట్టకుండా చూడడమా?

చిన్న కేసులో ఫ్యాన్ల సంఖ్య పెంచి గెలవలేం. అందుకే అండర్‌వోల్టింగ్‌కు ఇంత ఆదరణ: అదే వేగానికి చిప్‌కు ఇచ్చే వోల్టేజీ తగ్గించడం. చిప్ లాగే పవర్ వోల్టేజీ వర్గానికి అనుపాతంలో మారుతుంది. 1.05 వోల్టుల దగ్గర నడిచే చిప్‌ను అదే వేగంతో 0.925 దగ్గర నడపగలిగితే, 0.925ను 1.05తో భాగించి వర్గం చేస్తే 0.776. అంటే చిప్ ప్రధాన భాగం లాగే పవర్ 22 శాతం దాకా తగ్గింది, వేగం పోలేదు.

ఇంత లాభం ఉంటే కంపెనీలే ఎందుకు చేయవు? ఒకే మోడల్ చిప్‌లన్నీ ఒకేలా ఉండవు. అన్నిటికంటే బలహీనమైన చిప్ కూడా తడబడకుండా నడిచేలా కొంత ఎక్కువ వోల్టేజీ ఇస్తారు. మీ చిప్ మంచిదైతే ఆ మిగులు మీది. కాకపోతే ఒక ఆటలో బాగా నడిచి, మూడు వారాల తర్వాత ఇంకో ఆటలో క్రాష్ అవ్వొచ్చు. అండర్‌వోల్టింగ్ వద్దనేవాళ్లు చెప్పేది ఇదే. ఈ పరీక్షలన్నీ చేసే ఓపిక లేనివాళ్లకు పవర్ లిమిట్ తగ్గించడం భద్రమైన దారి. కార్డును 80 శాతానికి దించితే వేడి బాగా తగ్గుతుంది, ఫ్రేమ్‌రేటులో సాధారణంగా పది శాతం లోపే పోతుంది.

నీటితో చల్లబరిచే కూలర్ల మీదా ఇలాంటి వాదనే నడుస్తుంది. రేడియేటర్ వేడిని తిన్నగా కేసు అంచుకు చేరుస్తుందన్నది నిజం. పంపు చెడితే అంతా ఆగిపోతుందన్నదీ నిజమే. లోపల గాలి బుడగలు పైకి చేరతాయి కాబట్టి మొత్తం చుట్టులో పంపు అన్నిటికంటే పైన ఉండకూడదు. చిన్న కేసుల్లో ఈ నియమం పాటించడం ఒక్కోసారి కష్టం. 88 వాట్ల ప్రాసెసర్‌కు గాలి కూలరే చాలు.

ఇంకో మాట. మన 7700 లాంటి జెన్ 4 తరం ప్రాసెసర్లు 95 డిగ్రీల దాకా వెళ్లేలా తయారైనవే. భారీ పనిలో ఆ అంకె కనిపించగానే ఏదో పాడైందని కంగారు పడక్కర్లేదు. వేడితో పాటు గిగాహెర్ట్జ్ అంకె కూడా చూడాలి. అది పడిపోతూ ఉంటేనే ఆలోచించాలి.

మొదటిసారి ఆన్ చేస్తే తెర నల్లగా ఉంటే

ఫ్యాన్లు తిరుగుతున్నాయి. బోర్డు మూల మీద ‘డ్రామ్’ అని రాసి ఉన్న చిన్న లైటు వెలుగుతోంది. మానిటర్ మీద ఏమీ లేదు. నిమిషం గడిచేసరికి టెన్షన్ మొదలవుతుంది, చేయి పవర్ బటన్ మీదకు పోతుంది. ఏఎం5 బోర్డుల మీద సరిగ్గా ఇదే చేయకూడని పని. బోర్డు మొదటిసారి డీడీఆర్5 ర్యామ్‌తో టైమింగులు కుదుర్చుకుంటోంది. దీన్నే మెమరీ ట్రెయినింగ్ అంటారు, దానికి చాలా నిమిషాలు పట్టొచ్చు. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికే వస్తుంది. పావుగంట దాటినా లైటు అక్కడే ఆగితే అప్పుడు ర్యామ్ తీసి, ఒక్క స్టిక్కే పెట్టి చూడడంలో అర్థం ఉంది.

లైటు గ్రాఫిక్స్ కార్డును సూచించే ‘వీజీఏ’ దగ్గర ఆగితే శాండ్‌విచ్ కేసుల్లో మొదటి అనుమానితుడు రైజర్. ఆర్‌టీఎక్స్ 50 కార్డులు బోర్డుతో మాట్లాడే దారి, అంటే పీసీఐఈ, 5.0 రకానిది. అందులో ఒక్కో లేను మీద సెకనుకు 32 గిగా ట్రాన్స్‌ఫర్లు. చాలా రైజర్లు 4.0 వేగానికి, అంటే 16కే తయారయ్యాయి. కొన్ని పాతవి 3.0కి, 8కే. స్లాటు 5.0దైతే బోర్డు, కార్డు రెండూ ఆ వేగంలోనే మాట్లాడుకోవాలని చూస్తాయి. మధ్యలో ఉన్న కేబుల్ మోయలేదు, తెర రాదు. బయోస్‌లో, అంటే బోర్డు సొంత సెట్టింగుల్లో, స్లాటు వేగాన్ని 4.0కి తగ్గిస్తే సరిపోతుంది. తెరే రానప్పుడు బయోస్‌లోకి ఎలా వెళ్లాలి? రైజెన్ 7 7700లో సొంత గ్రాఫిక్స్ ఉంది కాబట్టి మానిటర్ కేబుల్‌ను బోర్డు వెనుక పోర్టుకు తగిలించి లోపలికి వెళ్లొచ్చు. 7500ఎఫ్ లాంటి ‘ఎఫ్’ రకం ప్రాసెసర్ అయితే ఆ దారి లేదు, కార్డును విప్పి నేరుగా స్లాటులో గుచ్చాల్సిందే.

వేగం తగ్గిస్తే ఆటల్లో నష్టమెంత? 16 లేన్లున్న 5070 లాంటి కార్డుకు 4.0 దగ్గర తేడా పట్టుకోవడమే కష్టం. ఎనిమిదే లేన్లున్న 5060 టీఐ లాంటివి 3.0కి దిగితే, ముఖ్యంగా 8 జీబీ రకంలో వీడియో మెమరీ నిండినప్పుడు, కళ్లకు కనిపించేలా తడబడతాయి.

ఇవేవీ కాకపోతే పాత అనుమానితులే: ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నుల కేబుల్ మరిచిపోవడం, మానిటర్ కేబుల్‌ను కార్డుకు బదులు బోర్డుకు గుచ్చడం, కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీయకపోవడం. ఒక్కటి మాత్రం పార్టుల ప్రాణం తీస్తుంది. వేరే పవర్ సప్లైతో వచ్చిన మాడ్యులర్ (ఊడదీసే) కేబుల్ వాడకూడదు. చివర్లు సరిగ్గా పట్టినా లోపలి తీగల క్రమం వేరుగా ఉండొచ్చు, ఆన్ చేసిన క్షణంలో పార్టులు కాలిపోతాయి. మిగతా పొరపాట్లను ఇరుకులో వెతుక్కోకుండా ఉండాలని, అన్నీ కేసులోకి ఎక్కించక ముందే బోర్డును దాని అట్టపెట్టె మీద పెట్టి ఒకసారి ఆన్ చేసి చూడడం అలవాటు చేసుకున్నవాళ్లు ఎక్కువ.

ఆట మధ్యలో ఆగిపోతే: ఎలా ఆగిందన్నదే ఆధారం

‘క్రాష్ అయింది’ అనే మాటలో మూడు నాలుగు వేర్వేరు జబ్బులుంటాయి. మెషీన్ మొత్తం టక్కున ఆరిపోతే పవర్ సప్లై రక్షణో, ప్రాసెసర్ అతివేడి రక్షణో పనిచేసినట్టు. తెర నల్లబడి, ఫ్యాన్లు తిరుగుతూ, ఆట శబ్దం మాత్రం ఇంకా వినిపిస్తుంటే కార్డు దగ్గరో, రైజర్ దగ్గరో, డ్రైవర్‌లోనో లోపం. ఏదీ ఆగకుండా ఫ్రేమ్‌రేటు మాత్రం పది నిమిషాల తర్వాత దిగజారితే అది వేడి. తనంతట తనే రీస్టార్ట్ అవ్వడం మాత్రం ఏ వైపూ తేల్చి చెప్పదు.

విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్-పవర్ 41’ చూసి చాలామంది పవర్ సప్లై మార్చేస్తారు. ఆ సందేశానికి అర్థం ‘గత సారి సరిగ్గా షట్‌డౌన్ కాలేదు’ అని మాత్రమే. ప్లగ్ పీకేసినా అదే వస్తుంది. ‘వియా-లాగర్ 17’ ఎక్కువసార్లు కనిపిస్తే మాత్రం పట్టించుకోవాలి. పీసీఐఈ దారిలో తప్పులు దొర్లుతున్నాయని, సరిదిద్దుకుంటూ నడుస్తోందని అది చెబుతోంది. రైజర్ ఉన్న పీసీలో దాని అర్థం దాదాపు తెలిసిపోయినట్టే.

మన బిల్డ్‌లో ఆట మొదలైన పది నిమిషాలకు కార్డు 86 డిగ్రీలకు చేరి క్లాక్ పడిపోతోందనుకుందాం. పక్క ప్యానెల్ తీసేసి అదే ఆట, అదే చోట మళ్లీ ఆడాలి. 74కు దిగితే కూలర్‌లో లోపం లేదు, గాలికి దారి లేదు. ప్యానెల్ రంధ్రాలకు కేబుల్ అడ్డుందేమో, ఫ్యాన్లు ఒకదానికొకటి ఎదురు ఊదుతున్నాయేమో చూడాలి. ప్యానెల్ తీసినా 84 దగ్గరే ఉంటే గాలిని నిందించి లాభం లేదు. కార్డు ఫ్యాను తిరుగుతోందా, థర్మల్ పేస్టు సరిగ్గా ఆనుకుందా అన్నది చూడాలి. చిన్న పీసీలకు ఇంతకంటే చవకైన, ఇంత ఖచ్చితమైన పరీక్ష ఇంకోటి లేదు.

తప్పు ప్రతిసారీ ఇరుకుదనానిదే కాదు. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని ఆటల మధ్యలో క్రాష్ అవుతుంటే, చిప్‌కు అవసరానికి మించిన వోల్టేజీ అందడమే కారణమని 2024లో తేలింది. ఆ ఆగస్టులో 0x129 మైక్రోకోడ్‌ను (ప్రాసెసర్ లోపలి ఆదేశాల సవరణను) బయోస్ అప్‌డేట్ల ద్వారా ఇచ్చారు, వారంటీ రెండేళ్లు పెంచారు. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఆ అప్‌డేట్ బాగుచేయదు. అలాంటి ప్రాసెసర్ ఉన్న చిన్న పీసీలో ప్యానెల్ తీసినా, రైజర్ లేకుండా నడిపినా, ర్యామ్‌ను మామూలు వేగానికి దించినా క్రాష్‌లు ఆగకపోతే ఇక కేసును విప్పి లాభం లేదు, వారంటీ కాగితం తీయడమే.